రెండు మిషన్లలో ఒకటి ఢిల్లీకి



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి రూళ్ల కాగితం మీద మనవరాలి చేత వ్రాయించినది. ఆ తల్లి వయస్సు అరవై దాటిందట. ఉత్తరం పొడవుగా ఉంది గాని, అందులో నన్ను రెండు రోజులు కుదురుగా కూర్చోనివ్వని భాగం ఇది:

"మాస్టారుగారికి వందనాలు. 2024 మే నెలలో ఓటు వేయడానికి బూతులోకి పోతే రెండు మిషన్లు పెట్టారు. ఒకటి మా ఎమ్మెల్యేది. దానికి ఎవరికి వేయాలో ఇంటి దగ్గరే అనుకొని పోయాను. రెండోది ఎందుకో తెలియలేదు. అడిగితే నవ్వుతారని సిగ్గుపడి పైన కనబడిన గుర్తు నొక్కి వచ్చేశాను. బయటికి వచ్చాక మా పెద్దోడు, అది ఢిల్లీ ఓటు, దానితో మనకేం పనమ్మా అన్నాడు. నిజంగా పని లేదా? నా ఓటు ఢిల్లీకి ఎట్లా పోతుంది?"

అమ్మా, మీరు సిగ్గుపడవలసిన పని లేదు. సిగ్గుపడవలసింది నేను. ముప్పై ఏండ్లు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ ఉత్తరం చదివి మా ఇంట్లోనే అడిగాను, "నువ్వు ఆ రోజు తెల్ల కాగితం మిషను మీద చూసి నొక్కావా?" అని. మా ఇంటావిడ నా మొహం చూసి, "తెల్లదేది, గులాబీదేది? మీరెప్పుడు చెప్పారు?" అన్నది. ఊరి పిల్లలందరికీ పాఠం చెప్పిన నేను ఇంట్లో చెప్పలేదు. కనుక ఈ నెల ఇద్దరికీ కలిపి వ్రాయుచున్నాను.

మొదట ఆ రంగుల సంగతి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ ఒకే రోజున పోలింగు జరిగింది. మిషను మీద అంటించే కాగితం లోక్‌సభకు తెలుపు, శాసనసభకు గులాబీ. అదే రోజు తెలంగాణలో లోక్‌సభకు మాత్రమే ఓటు. అక్కడ శాసనసభ ఎన్నికలు 2023 నవంబరులోనే అయిపోయాయి. గనుక ఒక్క తెల్ల కాగితమే.

ఇక "ఢిల్లీతో మనకేం పని" అన్న మాట. మీ పెద్దోడి మీద నాకు కోపం లేదమ్మా, చాలామంది అట్లాగే అనుకుంటున్నారు. ఒక్క సంగతి చెప్తాను. ఎండాకాలం పలుగూ పారా పట్టుకొని మనవాళ్లు వెళ్లే ఉపాధి పని ఉన్నది గదా, దానికి చట్టం 2005లో చేసింది పార్లమెంటు. ఇంటికి ఏడాదికి 100 రోజుల పని అని వ్రాసింది అక్కడే. 2025 డిసెంబరులో ఆ చట్టం తీసివేసి దాని స్థానంలో వేరే చట్టం చేసిందీ పార్లమెంటే. రేషను బియ్యం ఎన్ని కిలోలు రావాలన్న ఆహార భద్రతా చట్టం (2013), రైలు మీ స్టేషనులో ఆగాలా వద్దా, ఎరువు మీద రాయితీ ఎంత, ఇవన్నీ ఢిల్లీలో తేలే సంగతులు. మన ఊరి వీధి లైటు తప్ప మిగతాదంతా అక్కడే అని నేననను. భూమి పట్టా, పోలీసు స్టేషను, ప్రభుత్వాసుపత్రి, బడి, ఇవి ఎక్కువ భాగం రాష్ట్రం చేతిలోనివి. అయినా ఆ తెల్ల కాగితం తేలిక కాగితం కాదు.

ఇప్పుడు ఓటు ఎట్లా వెళ్తుందో చూద్దాం. దేశమంతటినీ 543 ముక్కలుగా చేశారు. ఒక్కొక్క ముక్క ఒక లోక్‌సభ నియోజకవర్గం. ఒక్కొక్క దాని నుండి ఒక్క సభ్యుడు, లేక సభ్యురాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 42 ఉండేవి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17 వచ్చాయి. రెండు చోట్లా లెక్క ఒకటే: ఏడు ఎమ్మెల్యే నియోజకవర్గాలు కలిపితే ఒక ఎంపీ నియోజకవర్గం. ఆంధ్రప్రదేశ్‌లో 175ను 25 చేత భాగించండి, తెలంగాణలో 119ని 17 చేత భాగించండి, రెండు చోట్లా 7 వస్తుంది. పిల్లల చేత ఈ లెక్క చేయించండి, మరచిపోరు.

అన్ని ముక్కలూ ఒకే సైజులో లేవు. మన మల్కాజిగిరి ఓటర్ల సంఖ్యలో దేశంలోకెల్లా పెద్దది, 2024లో 37 లక్షలు దాటింది. లక్షద్వీప్ 60 వేల లోపే. ఇద్దరు ఎంపీలకూ సభలో ఒక్కొక్క ఓటే! ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లు అన్నది 1971 జనాభా లెక్కల మీద ఆగిపోయింది. కుటుంబ నియంత్రణ బాగా పాటించిన రాష్ట్రాలు సీట్లు పోగొట్టుకోకూడదని 1976లో ఆపారు. తరువాత 2026 దాటాక జరిగే మొదటి జనాభా లెక్కల వరకు ఆ ఆపుదలను పొడిగించారు. 2008లో మన నియోజకవర్గాల సరిహద్దులు మార్చారు గాని రాష్ట్రానికి వచ్చే సంఖ్య మార్చలేదు. దక్షిణాది వారికి ఇది పెద్ద బెంగ. దాని గురించి మరొక నెల వ్రాస్తాను, ఇక్కడ మొదలుపెడితే పత్రికంతా చాలదు.

మరి గెలిచేది ఎవరు? అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారు, అంతే. సగం కంటే ఎక్కువ రావాలన్న నియమం లేదు. ఉదాహరణకు 10 లక్షల ఓట్లు పడ్డాయనుకోండి. నలుగురు నిలబడ్డారు. ఒకరికి 3 లక్షల 80 వేలు, రెండవ వారికి 3 లక్షల 60 వేలు, మూడవ వారికి లక్షా 60 వేలు, నాలుగవ వారికి లక్ష. మొదటివారు ఎంపీ. 6 లక్షల 20 వేల మంది ఆయనను వద్దన్నా ఆయనే ఎంపీ. ఇది న్యాయమా అని మా క్లాసులో ఒక పిల్లవాడు లేచి అడిగాడు. నేను, "ఇంతకంటే సులువైన లెక్క లేదురా" అని కూర్చోబెట్టాను. ఆ జవాబు నాకు ఇప్పటికీ తృప్తి లేదు. కొన్ని దేశాలలో పార్టీకి వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచుతారు. మన పెద్దలు ఆ పద్ధతిని రాజ్యాంగ సభలో ఆలోచించి వద్దనుకున్నారు. చదువురాని కోట్లమందికి ఒక పేరు, ఒక గుర్తు, ఒక ముద్ర అయితే అర్థమవుతుందని వారి తలంపు.

పై ఉదాహరణలో మూడవ వారి సంగతి చూశారా? లక్షా 60 వేల ఓట్లు వచ్చినా ధరావతు పోతుంది. పడిన మంచి ఓట్లలో ఆరవ వంతు రాకపోతే డిపాజిట్టు ప్రభుత్వానికి జమ. 10 లక్షలలో ఆరవ వంతు అంటే లక్షా 66 వేల పైచిలుకు. ఆ డిపాజిట్టు లోక్‌సభకు 25 వేల రూపాయలు, షెడ్యూల్డు కులాల, తెగల అభ్యర్థులకు అందులో సగం.

ఈ డిపాజిట్టు వెనుక నల్లగొండ కథ కొంత ఉన్నది. 1996 లోక్‌సభ ఎన్నికలకు నల్లగొండలో 480 మంది పోటీలో మిగిలారు. తాగే నీళ్లలో ఫ్లోరైడు చేత కాళ్లు వంకరపోయి, నడుములు వంగిపోయిన ఊళ్లవారు, తమ బాధ దేశానికి తెలియాలని వందలుగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్టు కాగితం చిన్న పుస్తకమంత అయింది. పోలింగును వాయిదా వేయవలసి వచ్చింది. అప్పటికి డిపాజిట్టు 500 రూపాయలే. ఆ సంవత్సరమే తమిళనాడులో మొడకురిచ్చి అనే శాసనసభ స్థానానికి వెయ్యిమందికి పైగా నిలబడ్డారు. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్టును 10 వేలకు పెంచారు, తరువాత 25 వేలు చేశారు. పార్టీ లేనివారికి పది మంది ఓటర్లు ప్రతిపాదకులుగా సంతకం పెట్టాలన్నారు. ఊరకే నిలబడేవారిని ఆపడానికి ఇది మంచిదే అంటారు. నాకైతే ఆ వంకరపోయిన కాళ్లే కంటికి కనబడతాయి. నీళ్ల కోసం నిలబడినవారు ఊరకే నిలబడినవారు ఎట్లా అవుతారు?

అయినా 2019లో నిజామాబాదు పసుపు రైతులు, ఎర్రజొన్న రైతులు డిపాజిట్టు కట్టి మరీ నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది! ఒక బ్యాలెట్టు యూనిటు మీద 16 గుర్తులే పడతాయి గనుక బూతుకు 12 యూనిట్లు గోడ పొడవునా పేర్చారు. వారు అడిగినది పసుపు బోర్డు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులోనే ప్రారంభమైంది.

"నా ఒక్క ఓటు ఎంత?" అని కూడా మీ ఉత్తరం చివర అడిగారు. అనకాపల్లి అంత అని చెప్తాను. 1989లో అనకాపల్లి నుండి కొణతాల రామకృష్ణగారు లోక్‌సభకు 9 ఓట్ల తేడాతో గెలిచారు. లక్షలు పడిన చోట తొమ్మిది. ఒక ఇంట్లో పెద్దలూ పిల్లలూ కోడళ్లూ కలిస్తే తొమ్మిది ఓట్లు. దేశ చరిత్రలో లోక్‌సభకు ఇంతకంటే తక్కువ తేడాతో ఎవరూ గెలవలేదు. 1998లో బీహారులోని రాజమహల్‌లో మరల అదే తొమ్మిది వచ్చింది, అంతే. సరిగ్గా సమానమైతే ఏమి చేస్తారని అడుగుతారేమో. చీటీ వేసి తీస్తారు. చట్టంలోనే అట్లా వ్రాసి ఉన్నది.

రెండు మాటలు రిజర్వుడు సీట్ల గురించి చెప్పాలి. ఇది మన సంఘాలలో చాలామందికి ఇంటి విషయం, కనుక జాగ్రత్తగా చదవండి.

543లో 84 షెడ్యూల్డు కులాలకు, 47 షెడ్యూల్డు తెగలకు. మన వైపు అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు ఎస్సీలకు, అరకు ఎస్టీలకు. తెలంగాణలో పెద్దపల్లి, నాగర్‌కర్నూలు, వరంగల్లు ఎస్సీలకు, ఆదిలాబాదు, మహబూబాబాదు ఎస్టీలకు. ఎస్సీ సీటు అంటే ఎస్సీలు మాత్రమే ఓటు వేస్తారని కొందరు అనుకుంటున్నారు. అది పొరపాటు. నిలబడేవారు మాత్రమే ఆ కులాలవారు, ఓటు వేసేది ఆ నియోజకవర్గంలోని అందరూ. 1932లో గాంధీగారికీ అంబేద్కరుగారికీ మధ్య పూనా ఒడంబడిక జరిగిన నాటి నుండి ఈ పద్ధతి. అమలాపురం రిజర్వుడు సీటు నుండి వెళ్లిన జి.ఎం.సి. బాలయోగిగారు 1998లో లోక్‌సభ స్పీకరు అయ్యారు. దళితులలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటివారు ఆయనే. 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో చనిపోయేవరకు ఆ పదవిలో ఉన్నారు.

మరి బాప్తిస్మం తీసుకున్న దళితుని సంగతి? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివారిని షెడ్యూల్డు కులస్థునిగా ఎంచరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులనూ ముస్లిములనూ చేర్చలేదు. మన రాష్ట్రాలలో దళిత క్రైస్తవులను బీసీ-సి లో పెట్టారు. లోక్‌సభకు బీసీ రిజర్వేషను లేదు. కనుక మనవాడు జనరల్ సీటులో నిలబడవచ్చు, రిజర్వుడు సీటులో నిలబడరాదు. ఎస్టీలకు ఈ అడ్డు లేదు, తెగకు మతంతో సంబంధం పెట్టలేదు. కనుక అరకులో క్రైస్తవ గిరిజనుడు నిలబడవచ్చు. మతం మారిన దళితుల విషయం పరిశీలించడానికి 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్‌గారి కమిషను నియమించింది. ఇందులో నా మనస్సులోని మాట దాచను. బావి దగ్గర, టీ బడ్డీ దగ్గర, పెండ్లి సంబంధం దగ్గర బాప్తిస్మం చూసి కులం మరచిపోయిన ఊరు నేను ఇంతవరకు చూడలేదు. అయితే చట్టం ఉన్నంతవరకు సర్టిఫికెట్టు మీద ఒకటి, సంఘ రిజిస్టరు మీద ఒకటి వ్రాయించుకొని రిజర్వుడు సీటులో నామినేషను వేయుట మంచిది కాదు. అది కోర్టుకు పోతే గెలిచిన పదవి కూడా పోతుంది.

"మనకు వేరే సీట్లు ఎందుకు లేవు" అని యౌవనస్థుల కూటమిలో ఒకసారి అడిగారు. ఒకప్పుడు ఉండేవి. 1935 చట్టం క్రింద భారత క్రైస్తవులకు వేరే ఓటరు జాబితాలు, వేరే సీట్లు ఉండేవి. రాజ్యాంగం వ్రాసేటప్పుడు, 1949లో, మతాన్ని బట్టి సీట్లు వద్దని నిర్ణయించారు. అందుకు ఒప్పుకొని ముందు నిలబడినవారిలో హరేంద్ర కుమార్ ముఖర్జీగారు ఒకరు. ఆయన బెంగాలీ క్రైస్తవుడు, రాజ్యాంగ సభకు ఉపాధ్యక్షుడు, తరువాత పశ్చిమ బెంగాలుకు గవర్నరు. ఆ నిర్ణయం మంచిదని నేను నమ్ముతాను. క్రైస్తవ ఓట్లు క్రైస్తవులకే, మిగతా ఓట్లు మిగతావారికే అయితే మన ఇంటి ముందుకు వచ్చి నమస్కారం పెట్టే అభ్యర్థి ఎవరు?

నమస్కారం అంటే జ్ఞాపకం వచ్చింది. ఎన్నికల ముందు ఆదివారాలలో మన మందిరాలకు కొత్త ముఖాలు వస్తాయి. చెప్పులు బయట విడిచి, ముందు వరుసలో కూర్చొని, ఆరాధన అయ్యాక రెండు మాటలు మాట్లాడతామంటారు. ఒక సంఘంలో నా కళ్లతో చూశాను. ప్రహరీ గోడకు సిమెంటు, మైకు సెట్టు, స్త్రీల సమాజానికి చీరెలు అని మాట ఇచ్చారు. సంఘ పెద్దలలో ఇద్దరు సరేనన్నారు. పాస్టరుగారు యువకుడు, ఎటూ చెప్పలేక నా వైపు చూశాడు. నేను ఆ రోజు నోరు తెరువలేదు. గోడ సగం లేచి ఆగిపోయింది, ఇప్పటికీ అట్లాగే ఉన్నది.

నోరు తెరిచి ఉంటే ఇది చెప్పవలసింది. ప్రజాప్రాతినిధ్య చట్టం (1951) ప్రకారం మతం పేరు మీద, కులం పేరు మీద ఓటు అడుగుట, లేక వేయవద్దనుట అవినీతి చర్య. అభ్యర్థి ఒప్పుదలతో ఇంకొకరు అడిగినా అంతే. 2017లో సుప్రీం కోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనిని ఇంకా గట్టిగా చెప్పింది: అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని చూపి అడిగినా తప్పే. ఎన్నిక రద్దు కావచ్చు. అదిగాక 1988లో చేసిన ఇంకొక చట్టం ప్రకారం గుడిని, మసీదును, చర్చిని రాజకీయానికి వాడనిచ్చిన నిర్వాహకులకు 5 సంవత్సరాల వరకు జైలు పడవచ్చు. అభ్యర్థి ఆరాధనకు వచ్చి అందరితోపాటు కూర్చుంటే ఎవరూ కాదనరు. మైకు మాత్రం ఇవ్వకండి. "ఫలానా గుర్తుకు వేయండి" అని ప్రసంగ వేదిక మీద నుండి అయ్యగారు చెప్పరాదు. ఓటు వేయండి అని చెప్పవచ్చు, చెప్పాలి కూడా.

డబ్బు సంగతి. ఇచ్చినవారూ తీసుకున్నవారూ ఇద్దరూ నేరస్థులే, ఏడాది వరకు జైలు. అందరికీ తెలుసు, అందరూ నవ్వుతారు. నేనిక పొడిగించను.

బూతులో ఏమి జరుగుతుందో ఇప్పుడు చెప్తాను, మీకు ముఖ్యంగా కావలసినది అదే. మొదటి అధికారి పేరు, గుర్తింపు కార్డు చూస్తారు. రెండవవారు ఎడమ చూపుడు వ్రేలికి సిరా వేసి, రిజిస్టరులో సంతకమో వ్రేలిముద్రో తీసుకొని చీటీ ఇస్తారు. ఆ చీటీ ఇచ్చాక మిషను విడుదల చేస్తారు. అప్పుడు మాత్రమే మీ బటను పని చేస్తుంది. నొక్కిన గుర్తు ప్రక్కన ఎర్ర దీపం, తరువాత పొడవాటి బీప్ శబ్దం. ప్రక్కనున్న చిన్న అద్దం పెట్టెలో మీరు నొక్కిన గుర్తు గల కాగితం 7 సెకండ్లు కనబడి లోపల పడుతుంది. దానిని వీవీప్యాట్ అంటారు. 2019 నుండి లోక్‌సభ ఎన్నికలలో ప్రతి బూతులోనూ పెడుతున్నారు. ఏడు సెకండ్లు అంటే తక్కువేమీ కాదు, నిలబడి చూడండి. వెనుకవారు తొందరపెడితే పెట్టనివ్వండి. రెండు ఎన్నికలు ఒకే రోజైతే ఇదంతా రెండుసార్లు. ఏ మిషను దేనిదో తెలియకపోతే అధికారిని అడగండి. ఎవరికి వేయాలో చెప్పుట వారికి నిషేధం గాని, ఏది ఎంపీదో చెప్పుట వారి పని. ఎవరూ నచ్చకపోతే 2013 నుండి చివరి బటను నోటా. అయితే నోటాకు ఎన్ని పడినా మిగతా అభ్యర్థులలో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారు. 2024లో ఇండోరులో నోటాకు 2 లక్షలకు పైగా పడ్డాయి, అయినా గెలిచిన ఎంపీ గెలిచారు.

మీరు వెళ్లేసరికి మీ పేరు మీద ఎవరో వేసిపోయారంటే ఏడ్చుకుంటూ తిరిగి రాకండి. ప్రిసైడింగు ఆఫీసరును అడిగితే, మీరు మీరేనని తేలాక, టెండరు ఓటు అని కాగితపు బ్యాలెట్టు ఇస్తారు. దానిని విడిగా కవరులో పెడతారు. మామూలు లెక్కింపులో అది కలవదు గాని, తేడా తొమ్మిది అయిన చోట కోర్టులో దాని విలువ తెలుస్తుంది.

పేర్ల విషయం కూడా చూసుకోండి. 1951-52 మొదటి ఎన్నికలప్పుడు సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుండి తీసివేశారు. కారణం వింటే నమ్మరు. వారు తమ పేరు చెప్పలేదు. ఫలానావాని భార్యను, ఫలానావాని తల్లిని అని చెప్పారు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవారు. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్‌గారు, సొంత పేరు లేనిదే జాబితాలో చేర్చవద్దన్నారు. మన స్త్రీలకు ఇంకొక తిప్పలు. సంఘ రిజిస్టరులో మరియమ్మ, ఆధారులో మంగమ్మ, ఓటరు జాబితాలో మరియమ్మ భర్త పేరు తప్పు! మీకు ఎన్ని పేర్లున్నా సరే, ఓటరు జాబితాలోని పేరూ చేతిలోని కార్డులోని పేరూ ఒకటి కావాలి. తప్పుంటే ఫారం 8 ఇవ్వండి. ఊరి బూతు స్థాయి అధికారి దగ్గర దొరుకుతుంది, ఆ పని చేసేవారు చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరమ్మో, సచివాలయం ఉద్యోగో. పోలింగు రోజున వెళ్లి పోట్లాడితే లాభం లేదు. ముసాయిదా జాబితా అతికించినప్పుడు చూసుకోవాలి. 2025లో బీహారులో జాబితాను మొదటి నుండి సవరించినప్పుడు ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. అందులో చనిపోయినవారు, వలసపోయినవారు ఉన్నారన్నారు. బ్రతికి ఉన్నవారూ తమ పేరు లేదని కోర్టుకు వచ్చారు.

లెక్కింపు అయ్యాక సగానికి మించి, అంటే 272 మంది ఎంపీల మద్దతు ఉన్నవారిని రాష్ట్రపతి ప్రధానమంత్రిగా పిలుస్తారు. ప్రధానమంత్రికి మనం నేరుగా ఓటు వేయము. మన పి.వి. నరసింహారావుగారు 1991 జూన్‌లో ప్రధాని అయినప్పుడు ఏ సభలోనూ సభ్యులు కారు. ఆరు నెలలలోగా సభ్యుడు కావాలన్న నియమం చొప్పున ఆ నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో నిలబడి 5 లక్షలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. అక్కడ అయిదు లక్షలు, అనకాపల్లిలో తొమ్మిది. సభలో ఇద్దరి కుర్చీ ఒకటే.

అమ్మా, మీ మనవరాలు ఉత్తరం అడుగున సొంతంగా ఒక వాక్యం వ్రాసింది: "నాకు వచ్చే మార్చికి పద్దెనిమిది నిండుతాయి, నేను నానమ్మకు ఏ మిషను ఏదో చెప్పవచ్చా?" ఇంటి దగ్గర చెప్పవచ్చు తల్లీ. 18 ఏండ్లకు ఓటు వచ్చింది 1989లో, అంతకు ముందు 21. ఇదివరకు జనవరి 1కి నిండితేనే ఆ ఏడాది చేర్చుకునేవారు. 2022 నుండి ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 కూడా లెక్కలోకి వస్తున్నాయి. నీది ఏప్రిల్ 1 క్రిందికి వస్తుంది. 17 నిండినవారు ముందుగానే ఫారం 6 ఇచ్చిపెట్టుకోవచ్చు. పుట్టిన తేదీ కాగితం, ఒక ఫోటో, ఇంటి చిరునామా రుజువు తీసుకొని వెళ్లు. రెవెన్యూ ఆఫీసు దాకా పోనక్కరలేదు, మీ ఊరి బూతు అధికారికే ఇవ్వవచ్చు.

కువైట్‌లో ఉన్న మీ అమ్మ గురించి కూడా అడిగావు. ఆమె అక్కడి పౌరసత్వం తీసుకోలేదు గనుక ఓటు ఉన్నది. ఫారం 6ఏ పెట్టి, పాస్‌పోర్టులో ఉన్న మీ ఊరి చిరునామాలోనే పేరు చేర్పించుకోవాలి. కానీ ఓటు వేయడానికి పోలింగు రోజున పాస్‌పోర్టు పట్టుకొని స్వయంగా మీ బూతుకే రావాలి.